వేరే సూర్యుళ్ల గ్రహాలను వెతికేవాళ్ల చిన్న సభలు: విశాఖ, హైదరాబాద్‌లకు ఉన్న పాత బంధం

మన సూర్యుడి చుట్టూ కాకుండా వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను ఎక్సోప్లానెట్లు అంటారు. తెలుగులో బాహ్యగ్రహాలు అని కూడా రాస్తున్నారు. వీటి మీద పనిచేసే శాస్త్రవేత్తలకు పెద్ద అంతర్జాతీయ సదస్సులు ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు, ఒకే ప్రాంతంలో ఉన్నవాళ్లు ఒక రోజు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే చిన్న సభలు కూడా ఉంటాయి. పేపర్లో పడేవి పెద్ద సదస్సుల వార్తలే. కానీ ఒక విద్యార్థి మొదటిసారి లేచి తన పని చెప్పేది, ఒక పెద్దాయన "ఇక్కడ నీ లెక్క సరిగా లేదు బాబూ" అని చెప్పేది ఎక్కువగా ఈ చిన్న సభల్లోనే.

ఈ విషయం మనకెందుకు అంటారేమో. సీతమ్మధార నుంచి ఆటోలో పోతే కాసేపట్లో వచ్చే డాబా గార్డెన్స్‌లో ఒకప్పుడు అబ్జర్వేటరీ ఉండేది. దేశంలో ఖగోళ శాస్త్రవేత్తల సంఘం పుట్టింది హైదరాబాద్ ఉస్మానియా యూనివర్సిటీలో. ఆకాశంలో ఒక నక్షత్రానికి, దాని గ్రహానికి ఉర్దూ పేర్లు ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

కనిపించని గ్రహాన్ని ఎలా పట్టుకుంటారు?

నక్షత్రం వెలుగు ముందు గ్రహం దాదాపు కనిపించదు. పోర్టులో ఫ్లడ్‌లైట్ పక్కన ఎగిరే దోమను ఆర్కే బీచ్ నుంచి చూడాలనుకున్నట్టే. అందుకే ఎక్కువగా గ్రహాన్ని నేరుగా చూడరు, నక్షత్రం మీద దాని ప్రభావాన్ని కొలుస్తారు. ముఖ్యంగా రెండు పద్ధతులు ఉన్నాయి.

మొదటిది ట్రాన్సిట్, అంటే అడ్డంగా దాటడం. గ్రహం తన నక్షత్రానికి, మనకు మధ్యగా వస్తే నక్షత్రం వెలుగు కొంచెం తగ్గుతుంది. బృహస్పతి అంత గ్రహం సూర్యుడి లాంటి నక్షత్రాన్ని దాటితే సుమారు 1 శాతం తగ్గుతుంది. భూమి అంతదైతే పదివేల వంతుల్లో ఒక వంతు కన్నా తక్కువే. నాసా వాళ్ల కెప్లర్ టెలిస్కోప్ 2009 నుంచి 2018 వరకు ఇలాగే చూసి 2,600కు పైగా గ్రహాలను పట్టించింది. 2018లో వెళ్లిన టెస్ ఇప్పుడు అదే పని చేస్తోంది.

రెండోది నక్షత్రం ఊగిసలాట. గ్రహం లాగుడుకు నక్షత్రం కూడా కొంచెం అటూ ఇటూ కదులుతుంది. ఆ కదలిక దాని వెలుగు రంగుల్లో తెలుస్తుంది. సూర్యుణ్ని బృహస్పతి సెకనుకు 12 మీటర్ల వేగంతో కదిలిస్తుంది. భూమి కదిలించేది సెకనుకు 9 సెంటీమీటర్లే.

ఈ రెండో పద్ధతితోనే 1995లో స్విట్జర్లాండ్‌కు చెందిన మిషెల్ మేయర్, దిదియె కెలో 51 పెగసీ అనే నక్షత్రం చుట్టూ గ్రహాన్ని కనిపెట్టారు. సూర్యుడి లాంటి నక్షత్రానికి దొరికిన మొదటి గ్రహం అదే. ఈ కబురు వాళ్లు మొదట చెప్పింది ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో జరిగిన శాస్త్రవేత్తల సభలో. ఆ వెంటనే కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీ బృందం అదే నక్షత్రాన్ని చూసి నిజమేనని ధ్రువీకరించింది. 2019లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. 2025 సెప్టెంబర్ నాటికి ఖరారైన బాహ్యగ్రహాల సంఖ్య 6,000 దాటింది.

చిన్న సభలో ఏం జరుగుతుంది?

ఇలాంటి సభలకు బాగా పేరున్నది అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా. తెలుగువాళ్లు, హైదరాబాదీలు వేల కుటుంబాలుగా స్థిరపడిన ప్రాంతం అది. కెప్లర్ పనికి కేంద్రమైన నాసా ఏమ్స్, సెటి ఇన్‌స్టిట్యూట్, బర్కిలీ, స్టాన్‌ఫర్డ్, శాంటా క్రూజ్ యూనివర్సిటీలు అన్నీ కారులో వెళ్లొచ్చేంత దూరంలోనే ఉంటాయి. అందుకే అక్కడ బాహ్యగ్రహాల మీద పనిచేసేవాళ్లు బే ఏరియా ఎక్సోప్లానెట్ మీటింగ్ పేరుతో కలుస్తుంటారు. బ్రిటన్‌లో దేశం మొత్తానికి కలిపి ఏటా ఒక సభ జరుగుతుంది.

వీటి తీరు ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. విమానం టికెట్లు, హోటల్ గదులు అక్కర్లేదు. పొద్దున వచ్చి సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. ఒక్కొక్కరికి పది, పదిహేను నిమిషాలు ఇస్తారు. పూర్తయిన పని కన్నా సగంలో ఉన్న పని ఎక్కువగా వినిపిస్తుంది. పీహెచ్‌డీ పిల్లలు, కొత్తగా చేరినవాళ్లు పెద్దల ముందు మాట్లాడతారు. అసలు పని చాలాసార్లు టీ విరామంలోనే అవుతుంది. "నీ నక్షత్రాన్నే మేమూ చూశాం, మాకు ఆ గీత రాలేదు" అని ఎవరో ఒకరు అంటారు. ఆ ఒక్క మాటతో ఆరు నెలల శ్రమ నిలబడొచ్చు, లేదా మళ్లీ మొదటికి రావొచ్చు. ఏదైనా సరే, పేపర్లకు ఎక్కి పరువు పోయాక తెలియడం కన్నా ఇది నయం.

చూశానంటే సరిపోదు, సాక్ష్యం నిలబడాలి

చాంద్ రాత్ సంగతి మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. నెలవంక చూశానని ఒకరు చెప్పగానే ఈద్ ప్రకటించేయరు. హిలాల్ కమిటీ ముందు గవాహీ ఇవ్వాలి. ఎక్కడ చూశావు, ఎన్ని గంటలకు, ఏ దిక్కున, ఇంకెవరు చూశారు అని అడుగుతారు. ఆ ప్రశ్నలు అడగడం మనిషిని అవమానించడం కాదు, విషయం పెద్దది కాబట్టి అడుగుతారు. బాహ్యగ్రహాల శాస్త్రం కూడా అలాగే నడుస్తుంది. ఈ రంగంలో "కనిపెట్టాం" అన్నవాటిలో చాలా తర్వాత నిలబడలేదు. నాలుగు ఉదాహరణలు చాలు.

మద్రాసు, 1855. ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు అబ్జర్వేటరీకి అధిపతిగా ఉన్న కెప్టెన్ విలియం స్టీఫెన్ జేకబ్ 70 ఓఫియుకీ అనే జంట నక్షత్రాన్ని కొలిచాడు. వాటి కదలిక లెక్కకు అందలేదు. కంటికి కనపడని గ్రహం ఏదో ఉండి ఉండవచ్చని ఆయన ప్రకటించాడు. కొలతల ఆధారంగా బాహ్యగ్రహం ఉందన్న తొలి వాదనల్లో ఇది ఒకటి, వచ్చింది మన దక్షిణ భారతం నుంచే. 1890ల్లో థామస్ సీ అనే అమెరికన్ ఇదే నక్షత్రం మీద ఇదే వాదన మళ్లీ తెచ్చాడు. 1899లో ఫారెస్ట్ రే మౌల్టన్ లెక్క కట్టి అలాంటి కక్ష్య నిలబడదని చూపించాడు. ఆ గ్రహం ఈనాటికీ దొరకలేదు.

అట్లాంటా, 1992. బ్రిటన్ శాస్త్రవేత్త ఆండ్రూ లైన్ బృందం ఒక పల్సార్ చుట్టూ గ్రహం ఉందని 1991లో ప్రకటించింది. తర్వాత చూసుకుంటే భూమి కదలికను లెక్కలో సరిగా సర్దలేదని తేలింది. 1992 జనవరిలో అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభలో లైన్ నిలబడి, ఆ గ్రహం లేదు, పొరపాటు మాదేనని చెప్పాడు. సభలో ఉన్నవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన తర్వాత మాట్లాడిన అలెగ్జాండర్ వోల్ష్చాన్ మరో పల్సార్ చుట్టూ తాను కనిపెట్టిన గ్రహాల గురించి చెప్పాడు. అవి నిజమైనవే, ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

ఫొమల్‌హౌట్, 2008. అరబీలో ఫమ్ అల్-హూత్, అంటే చేప నోరు, అన్న మాట నుంచి ఈ నక్షత్రానికి పేరు వచ్చింది. దీని పక్కన గ్రహాన్ని నేరుగా ఫొటో తీశామని 2008లో హబుల్ టెలిస్కోప్ బృందం ప్రకటించింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ చుక్క మసకబారి, చెదిరిపోయింది. రెండు పెద్ద శకలాలు గుద్దుకుంటే లేచిన ధూళి మేఘం అయి ఉంటుందని 2020లో వచ్చిన పరిశీలన చెప్పింది.

కే2-18బి, 2025. సింహరాశిలో 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గ్రహం ఇది. దీని వాతావరణంలో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయని కేంబ్రిడ్జ్‌లో పనిచేసే భారతీయ సంతతి శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్ బృందం 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ కొలతల నుంచి చెప్పింది. 2025 ఏప్రిల్‌లో డైమిథైల్ సల్ఫైడ్ జాడ కూడా ఉండవచ్చని చెప్పింది. మన భూమి మీద ఆ వాయువు ఎక్కువగా సముద్రపు సూక్ష్మజీవుల నుంచి వస్తుంది. ఇక వాట్సాప్ నిండా "వేరే గ్రహం మీద ప్రాణులు దొరికాయి" అన్న మెసేజీలే. శాస్త్రవేత్తలు మాత్రం ఆ మాట అనలేదు. కొలత గట్టిదనం మూడు సిగ్మా దగ్గరే ఉంది, కనిపెట్టామనడానికి ఐదు సిగ్మా కావాలని ఆ బృందమే చెప్పింది. అదే సమాచారాన్ని విడిగా పరిశీలించిన ఇతర బృందాలు ఆ జాడ నమ్మదగినంత బలంగా లేదన్నాయి.

డాబా గార్డెన్స్‌లో అబ్జర్వేటరీ

ఇక విశాఖ సంగతి. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళ శాస్త్రం నేర్చుకున్నారు. తిరిగి వచ్చి 1840 ప్రాంతంలో విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టించారు. డాల్ఫిన్స్ నోస్ మీద జెండా ద్వారా ఊరికి, ఓడలకు సరైన టైమ్ తెలిసే ఏర్పాటు కూడా ఆయనదే. 1856లో ఆయన చనిపోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని అందుకున్నారు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించారు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యారు.

1874 డిసెంబర్ 9 ఉదయం శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటింది. ప్రపంచమంతా ఎదురుచూసిన సంఘటన అది. భూమికి సూర్యుడికి మధ్య దూరాన్ని కచ్చితంగా లెక్కగట్టడానికి ఈ దాటడం ఉపయోగపడుతుంది. నరసింగరావు డాబా గార్డెన్స్ నుంచే దాన్ని కొలిచి వివరాలు లండన్‌కు పంపారు. నక్షత్రం ముందు నుంచి గ్రహం పోతుంటే టైమ్ కొలవడం, ఇవాళ కెప్లర్, టెస్ చేసే పనికి మూలం ఇదే. అదే సంఘటనను మామూలు జనానికి వివరిస్తూ మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి ఒక చిన్న పుస్తకం వేశారు. అది ఉర్దూలో కూడా వచ్చింది.

ఒక్క విషయం గమనించండి. నరసింగరావుకు పనిముట్లు ఉన్నాయి, చదువు ఉంది, డబ్బు ఉంది. లేనిది పక్కన కూర్చుని "ఈ కొలత మళ్లీ చూడండి" అనే మనిషి. ఆయన చేసిన పనికి చర్చ జరిగే చోటు సముద్రాల అవతల, లండన్‌లో ఉంది. ఒకే కుటుంబం మీద నడిచిన ఆ అబ్జర్వేటరీ 1892లో ఆయన పోయాక ఎక్కువ కాలం సాగలేదు. ఇప్పుడు అది లేదు. డాబా గార్డెన్స్ మీదుగా రోజూ వెళ్లేవాళ్లలో కూడా చాలామందికి ఆ సంగతి తెలియదు.

హైదరాబాద్ కథ వేరు

హైదరాబాద్‌లో కూడా మొదలైంది ఒక్క మనిషితోనే. పాయ్‌గా కుటుంబానికి చెందిన నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి 1901లో ఫిసల్‌బండలో అబ్జర్వేటరీ పెట్టారు. నిజాం పేరు మీద దానికి నిజామియా అని పేరు. కానీ ఇక్కడ ఒక తేడా ఉంది. నవాబ్ గారి తర్వాత నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది, 1919లో ఉస్మానియా యూనివర్సిటీకి అప్పగించింది. అంతేకాదు, ప్రపంచ అబ్జర్వేటరీలన్నీ ఆకాశాన్ని వాటాలు వేసుకుని ఫొటోలు తీసిన పెద్ద అంతర్జాతీయ పథకంలో నిజామియా ఒక వాటా తీసుకుంది. టి.పి. భాస్కరన్ డైరెక్టర్‌గా ఉన్న కాలంలో లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి సంపుటాలుగా అచ్చువేశారు.

ఆయన తర్వాత 1944 నుంచి 1960 వరకు డైరెక్టర్‌గా ఉన్న అక్బర్ అలీ పెద్ద టెలిస్కోప్ కోసం, యూనివర్సిటీలో ఖగోళ శాస్త్ర విభాగం కోసం పట్టుబట్టారు. విభాగం 1959లో మొదలైంది. 48 అంగుళాల టెలిస్కోప్ మాత్రం ఆయన పోయాక, 1968లో జపాల్-రంగాపూర్‌లో నిలబడింది. నిజామియాలోనే పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు, నిజాం కాలేజీ విద్యార్థి ఎం.కె. వేణు బప్పు తర్వాత అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యారు. 1972లో ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉస్మానియాలో పుట్టినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. దేశంలోని ఖగోళ శాస్త్రవేత్తలు ఏటా కలిసే సభ ఆ సొసైటీదే.

విశాఖలో తెగిపోయిన దారం హైదరాబాద్‌లో తెగలేదంటే కారణం టెలిస్కోప్ సైజు కాదు. పని ఒక ఇంటి నుంచి ఒక సంస్థకు, సంస్థ నుంచి ఒక సభకు చేరింది.

షమా, పర్వానా

బాహ్యగ్రహాలకు పేర్లు పెట్టే అవకాశం అంతర్జాతీయ ఖగోళ సంఘం జనానికి కూడా ఇచ్చింది. 2015లో మొరాకో క్లబ్ ఒకటి ఇచ్చిన పేర్లు ఒక నక్షత్ర కుటుంబానికి ఖరారయ్యాయి. నక్షత్రం పేరు తీతావిన్, గ్రహాల పేర్లు సఫ్ఫార్, సమ్హ్, మజ్రీతీ. ఈ మూడూ వెయ్యేళ్ల కిందట అందులుస్‌లో ఉన్న ముస్లిం ఖగోళ శాస్త్రవేత్తల పేర్లు. 2019లో పాకిస్తాన్‌కు వచ్చిన నక్షత్రానికి షమా అని, దాని చుట్టూ తిరిగే గ్రహానికి పర్వానా అని పెట్టారు. దీపం, దాని చుట్టూ తిరిగే పురుగు. గజల్ విన్నవాళ్లకు ఇంకేం చెప్పాలి? అదే ఏడాది జోర్డాన్ నక్షత్రం పెట్రా, గ్రహం వాదీరమ్ అయ్యాయి. భారతదేశం వంతు వచ్చిన నక్షత్రానికి శాస్త్రవేత్త బిభా చౌధురి పేరిట బిభా అని, గ్రహానికి సంతమస అని పేరు వచ్చింది.

మన దేశంలో ఇప్పుడు

అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ వాళ్లు రాజస్థాన్ మౌంట్ అబూలో పారస్ అనే పరికరంతో నక్షత్రాల ఊగిసలాట కొలుస్తున్నారు. 2018లో ఈ బృందం సుమారు 600 కాంతి సంవత్సరాల దూరంలో, భూమి కన్నా 27 రెట్లు బరువైన గ్రహాన్ని ఖరారు చేసింది. అక్కడ సంవత్సరం అంటే 19 రోజుల చిల్లర. ఆ తర్వాత మరికొన్ని గ్రహాలు కూడా వాళ్ల ఖాతాలో చేరాయి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌లో కూడా ఈ పని ఉంది. ఆ సంస్థ టెలిస్కోప్‌లు తమిళనాడు కావలూరులో, లద్దాఖ్ హాన్లేలో ఉన్నాయి.

మన పిల్లలకు దారి ఎటు?

సీతమ్మధార డాబా మీద నిలబడితే పోర్టు, స్టీల్‌ప్లాంట్, హైవే లైట్ల వెలుగులో పెద్ద నక్షత్రాలే కనిపిస్తాయి. అయినా నవంబర్‌లో ఇషా నమాజ్ వేళకు దక్షిణం వైపు, అంటే పోర్టు వైపు, ఒంటరిగా మెరిసే నక్షత్రం కోసం చూడండి. అదే ఫొమల్‌హౌట్. పైన చెప్పిన కథ పిల్లలకు చెప్పడానికి అంతకన్నా మంచి బోర్డు దొరకదు.

చేయగలిగిన పనులు ఇవి:

ఇంట్లో కంప్యూటర్, నెట్ ఉంటే చాలు, ప్లానెట్ హంటర్స్ టెస్ అనే ప్రాజెక్టులో నక్షత్రాల వెలుగు గీతలు చూసి గ్రహం దాటిన గుర్తులు వెతకొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. నాసా ఎక్సోప్లానెట్ వాచ్‌లో టెలిస్కోప్ లేనివాళ్లకు కూడా పని ఉంటుంది.

స్కూల్, ఇంటర్ పిల్లలకు ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజిక్స్ టీచర్స్ ఏటా నేషనల్ స్టాండర్డ్ ఎగ్జామినేషన్ ఇన్ ఆస్ట్రానమీ పెడుతుంది. అంతర్జాతీయ ఖగోళ ఒలింపియాడ్‌కు మొదటి మెట్టు అదే. 2025లో ఆ ఒలింపియాడ్ ముంబైలోనే జరిగింది.

డిగ్రీ నుంచి పోవాలంటే బీఎస్సీ ఫిజిక్స్ తర్వాత జామ్ రాసి ఎమ్మెస్సీ, ఆ తర్వాత పీహెచ్‌డీ. ఇంటర్ నుంచే పోవాలంటే తిరుపతిలో ఐసర్ ఉంది. "చదువు సరే, సంపాదన?" అని పెద్దలు అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. నెట్‌లో జేఆర్ఎఫ్ వచ్చిన పీహెచ్‌డీ విద్యార్థికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, పైన ఇంటి అద్దె భత్యం ఉంది. ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా అదే లెక్క.

ఇక సభ. విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీ ఉంది, ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి, నెలకో ఆదివారం ఖాళీగా ఉండే క్లాస్‌రూములు ఉన్నాయి. పది మంది విద్యార్థులు తాము గీసిన వెలుగు గీతలు పట్టుకొచ్చి, ఒక ఫిజిక్స్ లెక్చరర్ ముందు కూర్చుంటే అదే ప్రాంతీయ సభ. బే ఏరియాలోనైనా జరిగేది గదిలో నలుగురు కూర్చుని ఒకరి లెక్క ఒకరు చూడడమే.

దానికి ఒక తేదీ కూడా ఉంది. శుక్రుడు మళ్లీ సూర్యుణ్ని దాటేది 2117లో, అది మనకు అందదు. బుధుడు మాత్రం 2032 నవంబర్ 13, శనివారం దాటుతాడు. మన దగ్గర మధ్యాహ్నం 12 దాటాక మొదలై సాయంత్రం నాలుగున్నర దాకా సాగుతుంది, మబ్బు లేకపోతే విశాఖ నుంచి మొత్తం చూడొచ్చు. బుధుడి చుక్క చిన్నది కాబట్టి సరైన సోలార్ ఫిల్టర్ బిగించిన టెలిస్కోప్ తప్పనిసరి, నేరుగా సూర్యుణ్ని చూస్తే కళ్లు పోతాయి. ఇవాళ ఐదో తరగతి చదివే పిల్లలు అప్పటికి ఇంటర్ దాటుతూ ఉంటారు. 1874లో డాబా గార్డెన్స్‌లో నరసింగరావు తీసిన లాంటి కొలతే వాళ్లూ తీయొచ్చు. ఈసారి సరిచూసేవాళ్లను లండన్‌లో వెతుక్కోనక్కర్లేకుండా, అప్పటికి ఊళ్లోనే ఒక సభ తయారై ఉండాలి.